మదనపల్లెలో చెవులు కుట్టించాం

"ఓపిక పట్టాలమ్మా" అని మదనపల్లె డాక్టరు వెళ్లినప్పుడల్లా అంటాడు. ఆ మాట వినేసరికి నాకు ఒళ్లు మండుతుంది. నాది కీళ్లవాతం. పాప పుట్టిన కొన్నాళ్లకే చేతివేళ్ల కణుపులు వాచాయి, తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్లు. పొద్దున లేచాక ఎండ ముదిరేదాకా పిడికిలి బిగియదు. సంగటి తెడ్డు పట్టుకోలేను, తడిబట్ట పిండలేను, నా బిడ్డ జుట్టుకు రబ్బరు బ్యాండు కూడా వేయలేను. వారానికొకసారి మింగే మాత్ర ఒకటుంది, అది వేసుకున్న రోజంతా కడుపులో తిప్పుతూనే ఉంటుంది. ఇది పోయే జబ్బు కాదనీ, అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బనీ డాక్టరు చెప్పాడు. సరే, పెట్టుకుంటాను. మా ఇంట్లో ఇంకో జబ్బుంది, దానికి మాత్రం ఆయన దగ్గర మందు లేదు.

నేను పుట్టింది కుప్పంలో, మెట్టింది పుంగనూరులో. మా జిల్లా రాజకీయం తెలిసినవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు, "అయ్యో పాపం" అంటారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: మా అన్నది ఒక పార్టీ, మా ఆయనది దానికి బద్ధశత్రువైన పార్టీ. పెళ్లిచూపుల నాడు అది నవ్వులాటగానే ఉండింది. "ఎలక్షన్లు వస్తే మా సెల్లెలు ఎవరికి ఓటేస్తాదో" అని అన్న అంటే, "మా ఇంటి సంగటి తిన్నాక ఇంగెవరికేస్తాది" అని మా ఆయన అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, బుద్ధిలేనిదాన్ని.

మా ఆయన పుంగనూరులో బోరు మోటార్లు బాగుచేసే షాపు నడుపుతాడు. అన్న పొద్దుటి రైలుకు కుప్పం నుంచి బెంగళూరు పోయి, కంపెనీలో పని చేసి చీకటి పడ్డాక ఇల్లు చేరతాడు. పార్టీ వల్ల ఇద్దరికీ చిల్లిగవ్వ ఒరిగింది లేదు. అయినా ఎన్నికల ఫలితాలొచ్చిన రోజు ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో అన్న ఒక వీడియో పెట్టాడు. వాళ్లవాళ్లు టపాకాయలు కాల్చి చిందులేస్తున్న వీడియో. దాని కింద, "బావా, కాసిని నీళ్లు తాగు" అని రాశాడు. మా ఆయన నీళ్లు తాగలేదు. మా పుట్టింటి వాళ్లందరినీ కలిపి రాయకూడని మాట ఒకటి రాశాడు. అన్న అంతకు మించినది ఇంకొకటి రాశాడు. సాయంత్రానికి ఇద్దరూ గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఇక గ్రూపులో మిగిలింది నేనూ, మా చిన్నమ్మ రోజూ పంపే గుడ్ మార్నింగ్ పువ్వులూ.

ఆ తర్వాత మా ప్రాంతంలో చిన్నాచితకా నాయకులు కొందరు కండువాలు మార్చారు. మైకుల్లో ఒకరినొకరు తిట్టుకున్నవాళ్లే ఒక పెళ్లిలో ఒకే బంతిలో కూర్చుని ఓళిగలు తినడం నేను కళ్లారా చూశాను. వాళ్లు ఏ ఎండకా గొడుగు పడతారు. మా వాళ్లిద్దరు మాత్రం గొడుగు లేకుండా ఎండలో నిలబడి మాడతారు. పుంగనూరులో టీ అంగడికి కూడా పార్టీ ఉంటుంది. మా ఆయన దగ్గరున్న అంగడి వదిలేసి, రెండు వీధులు దాటి 'మనోళ్ల' అంగడికి పోయి తాగొస్తాడు.

వీళ్లిద్దరి మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. "మీయన్నకు సెప్పు", "బావకు సెప్పు" అంటూ ఏ మాటైనా నా ఫోను మీదుగానే పోవాలి. ఎలాగో నెట్టుకొచ్చాను, పాప చెవుల సంగతి వచ్చేదాకా.

మాలో బిడ్డకు చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి. కమ్మలూ, కొత్త గౌనూ, కుట్టగానే నోట్లో పెట్టే బెల్లం ముక్కా, అన్నీ అతనే తేవాలి. మొదటి ఏట కుట్టించాలి. అప్పుడు నేను మంచం మీదున్నాను. అది తప్పితే మూడో ఏట, అదీ తప్పితే ఐదో ఏట. సరిసంఖ్య వచ్చే ఏడాది పనికిరాదు. మూడో ఏడు కూడా అయిపోవస్తోంది. అన్నేమో పుంగనూరు నేల తొక్కనన్నాడు. మా ఆయనేమో కుప్పం గడప ఎక్కనన్నాడు.

"యాల అంత తొందర? ఐదో ఏట కుట్టిస్తే సరిపాయ" అన్నాడు మా ఆయన.

ఐదో ఏటికి ఆయనకేమీ కాదు. నా చేతులు అప్పటికి ఎలా ఉంటాయో నాకే తెలియదు. చెవి కుట్టినప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. అప్పుడు ఎత్తుకుని భుజాన వేసుకోవాల్సింది నేను. ఆ మాత్రం సత్తువ ఉండగానే ఆ ముచ్చట తీరాలని నా ఆరాటం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరికీ చెప్పుకోలేదు. చివరికి ఒకరోజు ఇద్దరికీ ఒకే మాట చెప్పాను. "డాక్టరు దగ్గరికి పోయే రోజు మదనపల్లెలోనే బంగారం పనిచేసే ఆచారి అంగట్లో కుట్టిస్తాండాను. వస్తే రాండి. రాకుంటే ఆచారి ఒళ్లోనే కూర్సోబెడతా."

మేనమామ బతికుండగా బిడ్డను ఆచారి ఒళ్లో కూర్చోబెడితే ఆ పరువు తక్కువ రెండిళ్లకూ. ఇద్దరూ వస్తామన్నారు.

ఇక్కడ ఒక తిరకాసు వచ్చింది. కుప్పం నుంచి మదనపల్లె పోయే బస్సు పుంగనూరు మీదుగానే పోవాలి. అన్న ఆ బస్సులోనే వస్తున్నాడని తెలిసి, మా ఆయన మోటార్‌సైకిల్ మీద వస్తానన్నాడు. బస్సు వచ్చి మా బస్టాండులో ఆగింది. కండక్టరు దిగి టీ తాగాడు, డ్రైవరు దిగి టీ తాగాడు. అన్న మాత్రం దిగలేదు. పుంగనూరు నేల తొక్కనన్నాడు కదా, మాట నిలబెట్టుకున్నాడు, మహానుభావుడు! పాపను కండక్టరు ఎక్కించాడు. నేను పై మెట్టు ఎక్కలేక కడ్డీకి మోచేయి తగిలించి వేలాడుతుంటే కింది నుంచి మా ఆయన తోశాడు, పైనుంచి అన్న లాగాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. దారంతా మా బస్సు వెనకాలే మా ఆయన బండి వచ్చింది. మార్కెట్ యార్డు దగ్గర టమోటా లారీలు అడ్డంగా నిలిచిపోతే, కిటికీకి సరిగ్గా పక్కనే ఆగాల్సి వచ్చింది ఆయనకు. అప్పుడు కూడా లారీల వైపే చూస్తూ నిలబడ్డాడు.

డాక్టరు నా వేళ్లు నొక్కి చూసి, మాత్ర డోసు పెంచి, ఓపిక పట్టమన్నాడు. చీటీ తీసుకుని లేచాను.

ఆచారి అంగడి ఒక సందులో ఉంది. అన్న చాప మీద బాసింపట్టు వేసుకుని పాపను ఒళ్లో పెట్టుకున్నాడు. మా ఆయన గడప బయట రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. నేను పాప తల పట్టుకున్నాను. ఏం జరుగుతుందో పాపకు తెలిసేలోపే మొదటి చెవి అయిపోయింది. రెండో చెవికి మాత్రం తెలిసిపోయింది. "నాయినా!" అని అరిచి ఒక్క విదిలింపు విదిలించింది. నొప్పి మోచేతి దాకా పాకి నా చేతులు జారిపోయాయి.

మా ఆయన లోపలికి దూకి పాప తల పట్టుకున్నాడు. అన్న కాళ్లు పట్టుకున్నాడు. జానెడు దూరంలో ఇద్దరి మొహాలు.

"మీయన్నకు సెప్పు, కాళ్లు ఒడిసి పట్టుకోమను."

"బావకు సెప్పమ్మా, తల కదలకుండా సూసుకోమని. కాళ్ల సంగతి నాకు తెలుసు."

"అంత తెలిసినోడు ఇంత పెద్ద కమ్మలు యాల తెచ్చినాడో అడుగు."

"మేనమామను, నా ఇష్టం అని సెప్పు."

"ఆపండి!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీ ఎలక్షన్లు తగలెయ్య! బిడ్డ తల పట్టుకునే సత్తువే లేదు నా చేతుల్లో. మీ మాటలు యాడ మొయ్యల్ల నేను? ఇంగ మొయ్యను. ఒక్కటి కూడా మొయ్యను."

ఇద్దరూ బిగుసుకుపోయారు. అదే అదనుగా ఆచారి రెండో చెవి కుట్టేశాడు.

పాప గుక్కపట్టింది. ఎత్తుకోబోయాను. మణికట్లు లేవలేదు. ఇన్నాళ్లూ దేనికి భయపడ్డానో అదే జరిగింది. మా ఆయన ఎత్తుకున్నాడు, అన్న లేచి బిడ్డ నోట్లో బెల్లం పెట్టాడు. ఇద్దరూ అంత దగ్గరగా నిలబడి ఎంత కాలమైందో. నాకు సంతోషం కలగాలి. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

బయట ఏ పార్టీదో తెలియని టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చున్నాం. నేను మధ్యలో, వాళ్లు చెరో పక్క. కాసేపటికి మా ఆయన వంగి పాపతో గుసగుసగా ఏదో అన్నాడు. పాప దిగి, నా ముందు నుంచి నడిచి అన్న మోకాళ్లు పట్టుకుంది.

"మామా, టీ తాగతావా అని నాయిన అడగమన్న్యాడు."

"తాగతా అని సెప్పు" అన్నాడు అన్న.

పాప వాళ్ల నాయిన దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. చెవులు ఎర్రగా వాచి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. పెద్దవాళ్ల పని తనకు అప్పజెప్పారని గర్వం. "తాగతాడంట!"

నేను దించిన బరువు తీసుకుపోయి మూడేళ్ల బిడ్డ నెత్తిన పెట్టారు. పాపను దగ్గరికి లాక్కుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాను. మోకాళ్లు నొప్పి పెట్టినా వదల్లేదు. "ఇది కూడా మొయ్యదు" అన్నాను, ఇద్దరికీ వినపడేలా.

టీ వచ్చింది. గ్లాసులు బెంచీ మీద పెట్టి పోయాడు టీ అతను. ఎవరూ ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టింది. పుంగనూరు బస్సు ఒకటి పోయింది. ఎంతసేపైనా కూర్చుందామనే అనుకున్నాను.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నా తల మీదుగా చూస్తూ, "బావా, సల్లారిపోతాండాది, తాగు" అన్నాడు.

అన్న గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"సక్కెర ఎక్కువైంది బావా" అన్నాడు. ఆ మాట నాతో కాదు, ఆయనతోనే అన్నాడు.