తొలగించిన ఒప్పందం

ఫిల్మ్‌నగర్‌లో ఓ సినిమా నిర్మాణ సంస్థలో నా తొలి ఉద్యోగం. ఆఫీసంతా వాడుకునే ఆన్‌లైన్ సైట్‌లో కాగితాలు ఎక్కించి, పాత ఫైళ్లు తీసేయడం నా పని.

ఒకరోజు డెబ్బై ఏళ్ల రచయిత్రి వచ్చి, "నా కథ ఒప్పందం చూపించమ్మా. ఆ కథ నాది కాదంటున్నారు కొందరు" అన్నారు. వెతికితే తెలిసింది, ముందురోజే పాత ఫైలనుకుని నేను దాన్ని తొలగించేశాను! రికార్డులు చూసే యాదగిరి గారికి ఏడుస్తూ చెప్పాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. ఒప్పందాలు ఎవరు తీసేసినా పోకుండ నేను ముందే కట్టుదిట్టం చేసిన" అంటూ ఆయన రెండు మీటలు నొక్కారు. ముప్పై ఏళ్ల నాటి సంతకం తెరమీద ప్రత్యక్షమైంది.

ఆవిడ దాన్ని వేలితో తడుముతూ, "నా చేతిరాత ఇంత బాగుండేదా!" అన్నారు. ఆ రోజు నుంచి ఏ ఫైలు తీసేయాలన్నా, అది ఎవరి కష్టమో చదివాకే మీట నొక్కుతున్నాను.