మా దుకాణం కాంటా

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. పేరు చెప్పను. చెబితే గద్వాలలో ఎవరో ఒకరు వెంటనే పట్టేస్తారు. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. నిజం చెప్పాలంటే మీ మీద కూడా నాకు అంత నమ్మకం లేదు. ఏమీ అనుకోకండి, నా బుద్ధే అంత. ఎవరైనా నా వంక రెండు క్షణాలు ఎక్కువ చూస్తే, వీడికి తెలిసిపోయిందా అనుకుంటాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి నేనే. అయినా ఎవరికో ఒకరికి చెప్పాలి. తెలిసినవాళ్లకు చెప్పలేక మీకు చెబుతున్నాను.

నేను గద్వాలలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ని. పర్మినెంట్ కాదు, కాంట్రాక్టు. చదివిందీ అక్కడే. ఇవాళ మా కుస్తీ జట్టుకు పాతికమంది దాకా పొద్దున్నే వస్తున్నారు. మల్దకల్ వైపు నుంచి మొదటి బస్సుకు దిగే ఆడపిల్లలు కూడా ఉన్నారు. మ్యాట్ ఉంది. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో కూడా చిన్న కాలేజీలు జట్లు పెట్టాయి. నెలకోసారి ఒకరి దగ్గరికి ఒకరం పోయి పట్లు పడతాం. నాగర్‌కర్నూల్ జట్టులో మన్ననూర్ పిల్ల ఒకతె ఉంది. మా వాళ్లను ముగ్గుర్ని వరసగా వెల్లకిలా పడేసి, మళ్లీ తనే చెయ్యిచ్చి లేపి, "అక్కా, దెబ్బ తాకిందా?" అని అడుగుతుంది. హైదరాబాద్ పెద్ద కాలేజీల వాళ్లు ఇప్పుడు మా పిల్లల పేర్లు కనుక్కుంటున్నారు. పోలీసు ఉద్యోగానికి పనికొస్తుందని తల్లిదండ్రులే తెచ్చి దింపిపోతున్నారు. చూస్తే సంతోషంగానే ఉంటుంది. కాసేపు.

ఈమధ్య మీటింగు పెట్టి నాకు శాలువా కప్పారు. ప్రిన్సిపల్ మేడం మైకు అందుకుని, "చిన్న కాలేజీ ఏం చెయ్యగలదు అనేవాళ్లకు ఈయనే జవాబు. విద్యార్థిగా ఉన్నప్పుడే సొంత దుకాణం నుంచి పొట్టు తెచ్చి పరిచాడు, సొంత కాంటా ఇచ్చాడు. మన కుస్తీ ఆ కాంటా మీదే మొదలైంది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్లు మాత్రం కొట్టనివాళ్ల కోసం వెతుకుతున్నాయి. మూడో వరసలో ఒకాయన కదలకుండా కూర్చున్నాడు. ఎవరతను? మల్దకల్ మనిషా? ఎందుకు కొట్టడం లేదు? మీటింగయ్యాక దగ్గరికి పోయి చూస్తే ఆయన చెయ్యి విరిగి కట్టులో ఉంది.

ఆ కాంటా సంగతి చెప్పాలి. మాది పల్లికాయ కొనే దుకాణం. చుట్టుపక్కల ఊళ్ల రైతులు బస్తాలు తెచ్చి మా కాంటా మీద పెట్టేవారు. అది బస్తాకు ముప్పావు కిలో తినేది. దాని కడుపులో మెకానిక్ ఏం తిప్పిపోయాడో నాకు తెలియదు. తింటుందని మాత్రం పదేళ్ల వయసులోనే తెలుసు. ఒకసారి సరదాగా దాని మీద నిలబడితే నాన్న నవ్వి, "అది మనకు గాదు బిడ్డా. బరువు చూసుకోవాల్నంటె దవాఖానకు పో" అన్నాడు. ఆయన బస్తా అడుగున మట్టి ఉందేమోనని మోచేతి దాకా చెయ్యి దూర్చేవాడు. రైతు కాంటా అంకెల మీద నుంచి కన్ను తీసేవాడు కాదు. ఆ ఇద్దరి మధ్యే నేను పెరిగాను. మనుషులను ముందు అనుమానించి, తర్వాత పలకరించడం అక్కడే నేర్చుకున్నాను.

డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీలో కుస్తీ మొదలైంది. మేం ఆరుగురం. మ్యాట్ లేదు. మా దుకాణం నుంచి పల్లి పొట్టు తెచ్చి పరిచి, పైన గోనెసంచులు, ఆ పైన టార్పాలిన్ కప్పేవాళ్లం. చరిత్ర చెప్పే లెక్చరరే మాకు పీడీ సార్. ఆయన చిన్నప్పుడు జాతరల్లో కుస్తీ పట్టినవాడు. బరువు చూసుకోవడానికి కాంటా కావాలన్నారు. కాలేజీ కొనలేదు. "మా దుకాణంల ఉన్నది సార్" అన్నాను. అప్పుడు నా మనసులో మోసం ఉందా? ఎన్నిసార్లు అడుక్కున్నానో. లేదనే అనిపిస్తుంది. గొప్ప కోసం అన్నాను. తక్కువ చూపిస్తుందని చెబితే నాన్న పరువు పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆ రోజు నేను ఆలోచించలేదు. కానీ నా బరువు మాత్రం నేను దవాఖానకు పోయి చూసుకునేవాణ్ణి. మరి దాన్ని ఏమంటారు?

మిగతా నలుగురికీ చిక్కు లేదు. వాళ్లు తమ తమ బరువులకు రెండు మూడు కిలోలు లోపలే ఉండేవారు. చిక్కంతా యాభైయేడు కిలోల విభాగంలో. అందులో నేనూ, దానియేలూ. మేమంతా దానేలు అనేవాళ్లం. మల్దకల్ అవతల వాళ్ల ఊరు. వాళ్ల నాన్న కౌలుకు పల్లి వేసేవాడు, మిగతా రోజులు కూలికి పోయేవాడు. ఆ పల్లికాయ ఏటా మా దుకాణానికే వచ్చేది. ఒక్కో బరువుకు కాలేజీ నుంచి ఒక్కడే దిగాలి. సార్ మా ఇద్దరికీ పోటీ పెట్టారు. దానేలు నన్ను రెండుసార్లు పడేశాడు. వాడి పేరు రాసి, నన్ను రిజర్వులో పెట్టారు. దానేలు బరువు తప్పితేనే నాకు వంతు.

నాకు అనుమానం మొదలైంది. సార్ వాడికి చాటుగా ఒక పట్టు ఎక్కువ నేర్పుతున్నారని. ఆదివారం చర్చికి పోతున్నానని చెప్పి వాడు ఇంకెక్కడో ప్రాక్టీసు చేస్తున్నాడని. ఒక ఆదివారం బస్సెక్కి వాడి ఊరికి పోయి కూడా చూశాను. చర్చిలో చిన్నపిల్లల పక్కన కూర్చుని పాట పాడుతున్నాడు. సిగ్గుపడి వెనక్కి వచ్చానా? లేదు. నేను వస్తానని వీడికి ముందే ఎవరో చెప్పారు అనుకున్నాను.

పోటీకి రెండు రోజుల ముందు, పొద్దున, దానేలు మా కాంటా ఎక్కాడు. సరిగ్గా యాభైయేడు చూపించింది. వాడు దిగలేదు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

"ఒక మాట అడుగుత, ఏమనుకోకు రా. మీ కాంటా సరిగ్గనే ఉన్నదా?"

"ఏంది, గట్లడుగుతున్నవ్?"

"ఏం లేదు. మా నాయిన ఇంటికాడ తూచుకొని తెచ్చినా ఈడ జర తక్కువనే వస్తది. నేను గూడ ఇంత జల్ది దిగిన. నాకే నమ్మబుద్ధి అయితలేదు."

"అంటే మా నాయిన దొంగనా? పొట్టు మాది, కాంటా మాది, ఉత్తగనే ఇస్తుంటే ఇజ్జత్ తీస్తున్నవ్ గద రా!"

వాడి ముఖం చిన్నబోయింది. కాంటా దిగి నా చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పయింది రా. ఆకలికి ఏదో అన్న. మీ నాయినకు చెప్పకు."

తప్పయింది అన్నది వాడు. నేను అనిపించుకున్నాను. అంతేకాదు, "సరే పో" అని క్షమించాను కూడా. ఒక్క మాట, 'దవాఖానల చూసుకో రా' అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంకా రెండు రోజులు టైముంది. కిలో దించుకోవడం వాడికి పెద్ద పని కాదు. నాకు అడ్డం వచ్చింది నాన్న పరువా, నా పేరు లేని ఆ లిస్టా? నాన్న పరువే అని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు మీతో చెబుతుంటే అది కూడా అబద్ధమే అనిపిస్తోంది.

వనపర్తిలో పోటీలు. అక్కడి కాంటా మీద దానేలు కిలో పైన ఎక్కువ తూగాడు. అరగంట టైమిచ్చారు. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని గ్రౌండు చుట్టూ ఉరికాడు. నోట్లో చింతగింజ పెట్టుకుని ఉమ్మి ఉమ్మి నాలుక తెల్లబడింది. రోడ్డు అవతల మంగలి దుకాణంలో గుండు కొట్టించుకుని వచ్చాడు. ఇంకా నాలుగు వందల గ్రాములు ఎక్కువే. పేరు కొట్టేశారు.

"ఏం తిన్నవ్ రా?" అని పీడీ సార్ అరిచారు.

"ఏం తినలే సార్. పొద్దుగాల అమ్మ ఊకోక రెండు గుక్కల అంబలి తాపింది, గంతే."

అక్కడ నేను నోరు మూసుకుని ఉన్నా బాగుండేది. తేలు కుట్టిన దొంగలా ఉండాల్సినవాణ్ణి, ముందుకొచ్చి అడిగాను. "రెండు గుక్కలేనా రా, చెంబెడా?"

అంతే. అందరి చూపూ అటు తిరిగింది. "అమ్మలతోని ఇదే బాధ" అన్నారు సార్. కాంటా మాట ఎవరూ ఎత్తలేదు. దానేలు కూడా ఎత్తలేదు. వాడు నా ముందు ఒకసారి తప్పయిందన్నాడు కదా, మళ్లీ ఎట్లా అంటాడు? సార్ ఫోన్ అడిగి తీసుకుని ఇంటికి చేశాడు. "నువ్వే చేసినవ్ అమ్మా! నా బతుకు ఖరాబ్ చేసినవ్!" గుండు మీద చెమట కారుతుండగా అందరి ముందూ ఏడ్చాడు. నేను కాస్ట్యూమ్ తొడుక్కుంటున్నాను.

మా బరువులో వచ్చింది నలుగురే. అప్పట్లో చిన్న కాలేజీల కుస్తీ అంటే అంతే. ఒకటి గెలిచాను, ఒకటి ఓడాను. రెండో స్థానం సర్టిఫికెట్ ఇచ్చారు. దాంతోనే బీపీఈడీ సీటు, దాంతోనే ఈ ఉద్యోగం. దానేలు మళ్లీ కాలేజీకి రాలేదు. మేస్త్రీ వెంట పుణెకు కట్టడాల పనికి పోయాడు. స్పోర్ట్స్ కోటాలో ఎక్కడో సీటు రావాల్సినవాడు, ఇనుప చువ్వలు వంచుతూ ఉండిపోయాడు.

ఉద్యోగంలో చేరగానే నేను కాలేజీ చేత ముందు కొనిపించింది కాంటాయే. ముద్ర వేసిన ఇనుప గుండ్లు పెట్టి వారం వారం సరిచూస్తాను. "సార్‌కు కాంటా పిచ్చి" అని పిల్లలు నవ్వుకుంటారు. నిజాయితీ అంటే ఆయనదే అంటారు తోటివాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఇక, ఇప్పుడెందుకు చెబుతున్నానంటారా? ఈ ఏడాది మా కాలేజీలో ఊడ్చే పనికి ఏస్తేరమ్మ వచ్చింది. దానేలు వాళ్లమ్మ. నన్ను గుర్తుపట్టినట్టు లేదు. లేక గుర్తుపట్టే ఊరుకుందా? కుస్తీ హాలులోనే ఎక్కువసేపు ఊడ్చేది. కాంటా దగ్గరికి వచ్చి చీపురు ఆపేది. నేను చూస్తే మళ్లీ ఊడ్చేది. ఆమెకు తెలిసింది, ఎవరో పంపారు, ఎవరి ముందు నన్ను నిలదీయాలో చూస్తోంది అనుకున్నాను. ఆఫీసుకు పోయి హాలుకు ఇంకొకరిని వేయమన్నాను. "ఆమెనే అడిగి ఏపిచ్చుకున్నది సార్" అన్నాడు క్లర్కు.

పోయిన వారం పిల్లలంతా క్లాసులకు వెళ్లాక ఆమె స్టీలు గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు మా దానేలు దోస్తువు గద బిడ్డా. నాకు కండ్లు మసక, అంకెలు కనవడయి. జర సూసి చెప్తవా?"

గ్లాసు నా చేతికిచ్చి కాంటా ఎక్కింది. నలభై ఎనిమిదిన్నర. చెప్పాను. అక్కడే నిలబడి గ్లాసు అందుకుని, అంబలి రెండు గుక్కలు తాగి, గ్లాసు మళ్లీ నా చేతికిచ్చింది.

"ఇప్పుడు?"

అంకె కదల్లేదు.

"అంతే ఉంది పెద్దమ్మా."

ఆమె కాంటా మీదే కూలబడింది. "మూడు నెలలాయె, అడుగుదామా వద్దా అని తిరుగుతున్న. ఒకవేళ పెరిగితే ఎట్ల అని భయం. మరి ఆ దినం ఎట్లయింది బిడ్డా?"

"తెల్వదు" అన్నాను. పన్నెండేళ్ల తర్వాత కూడా నా నోటికి మొదట వచ్చింది ఆ మాటే.

"క్రిస్మస్‌కు వచ్చినా నా చేతి అంబలి ముట్టడు వాడు. నేను చెప్తే నమ్మడు. సదువుకున్నోనివి, నువ్వు చెప్పు." ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది.

అవతల కాంక్రీటు మిషన్ చప్పుడు. నా పేరు చెప్పాను. "అమ్మ తప్పు లేదు రా. ఇప్పుడే తూచి సూసినం. అంబలితోని గాలే."

మిషన్ చప్పుడు దూరమైంది, వాడు పక్కకు జరిగినట్టున్నాడు. తర్వాత వాడు అడిగాడు. "మరి ఎవరిది?"

నేను ఫోన్ ఆమెకిచ్చేశాను. ఆమె నవ్వుతూ, ఏడుస్తూ, "ఇన్నవా కొడుకా, ఇన్నవా" అంటుంటే బయటికి వచ్చేశాను.

వాడు నన్ను అనుమానించే అడిగాడా? ఊరికే అడిగాడా? వారం నుంచి ఇదే ఆలోచన. ఛీ, అడిగిన దానికి జవాబు చెప్పకుండా అడిగినవాడి మనసు తవ్వుతున్నాను ఇంకా. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఇది వాడు చదవడని తెలిసే రాస్తున్నాను, అది కూడా పిరికితనమే.

నాది రా దానేలూ. కాంటా తప్పని నాకు తెలుసు. నువ్వు అడిగిన రోజు కూడా తెలుసు. మీ అమ్మ మీదికి నీ కోపాన్ని తిప్పింది నేనే. ఎవరిది అన్నావు కదా, నాది.

రాసేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.