గడ్డిలో మాగబెట్టిన పలుగురాళ్లు

ఇవాళ కరీంనగర్‌లో ఉంగరాల దుకాణం అద్దంలో ఊదా అమెథిస్ట్, తేనెరంగు సిట్రిన్, రోజ్ క్వార్ట్జ్ కనిపించాయి. "గివన్నీ మన పలుగురాయి జాతే అక్కా" అన్నాడు దుకాణదారు. నాకు మాత్రం సీతాఫలాల వాసన వచ్చింది.

గుర్తుందా మీకు, కాయల్ని వరిగడ్డిలో మాగబెట్టేవాళ్లం? చిన్నప్పుడు ఓసారి మా చెల్క చేనులో గులాబి రంగు పలుగురాయి దొరికింది. అది పండిందనుకున్నాను! తెల్లవన్నీ ఏరి, సీతాఫలాల పక్కనే గడ్డిలో పెట్టాను. బాపు దుబాయి నుంచి వచ్చేలోగా ఒక్కటి పండినా ఆయన ఉంగరానికి ఇవ్వాలని ఆశ. పళ్లు మాగాయి, రాళ్లు మాగలేదు. సెలవైపోయి బాపు తిరిగి బయల్దేరే రోజు నేను ఏడుస్తుంటే, ఓ తెల్లరాయి తీసి జేబులో వేసుకున్నాడు.

"దుబాయిల ఎండ ఎక్కువ బిడ్డా. ఆడ మాగుతది."

ఇవాళ గులాబి రాయి ఒకటి కొని బాపు చేతిలో పెట్టాను. సీతాఫలాన్ని చూసినట్టే బొటనవేలితో ఒత్తి చూశాడు. లోపలికి పోయి, దుబాయి పెట్టెలోంచి ఆ తెల్లరాయి తెచ్చి దాని పక్కన పెట్టాడు.

"రూం కిటికీల ఎండకే పెట్టిన బిడ్డా. అన్నేండ్లు సూసిన. మాగలే."