మా అత్త తుంటిలో మేకు, కిక్కిసలో చప్పుడు

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. వయసు ముదిరాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, లేనిది అల్లి రాయడం నాకు చేతకాదు. ఆ రాత్రి ఆ పడవలో నేనున్నాను... ఈ చెవులతోనే విన్నాను.

మా అత్త వాకిట్లో చేపలు ఎండబెడుతూ జారిపడింది. తుంటి విరిగింది. ఆ వయసులో తుంటి విరిగితే ఇక మంచమే... వీపంతా పుళ్ళు పడి పోవడమే. మా కొల్లేటి లంకలో అందరం అదే చూశాం. మా ఆయన మాత్రం వినలేదు. ఏలూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. మద్రాసులో ఈ పని నేర్చుకొచ్చిన డాక్టరు గారు తుంటి కోసి, విరిగిన ఎముకలోకి పొడుగాటి మేకు దిగ్గొట్టి, రెండు ముక్కలూ కలిపారు.

పంపేటప్పుడు ఒకటే చెప్పారు. "కూర్చోబెట్టండి, పక్కకి తిప్పండి. నేను చెప్పేదాకా ఆ కాలు మాత్రం కింద మోపకూడదండీ. మోపితే మేకు జారిపోద్ది. మళ్ళీ చెయ్యడం నా వల్ల కాదు."

కొల్లేట్లోకి వచ్చేసరికి చీకటి పడిపోయింది. మంచు. అత్త పడవలో పడుకుని ఒకటే వేళాకోళం. "ఒరేయ్, తలుపుకి కొట్టినట్టు కొట్టారురా నాకు. ఇక ఊడను."

కిక్కిస గడ్డి మధ్య దారి ఇరుకు. ఎదురొచ్చేవాళ్ళు కనపడరు. అందుకని మావాళ్ళు పడవ తోసే గెడతో పడవ అంచు మీద రెండు దెబ్బలు కొడతారు, 'వస్తున్నాం' అని. అవతలివాళ్ళు ఒక్క దెబ్బ కొడితే, 'ఆగాం, మీరు రండి' అని.

టక్... టక్.

ముందునుంచి. మా ఆయన ఆగి, బదులు కొట్టడానికి గెడ ఎత్తాడు.

"కొట్టకు!" అంది అత్త.

"ఏమ్మా?"

"అది మీ నాన్న దెబ్బ."

మా మామ ఆ కిక్కిసలోనే, గాలివానకి పడవ తిరగబడి చనిపోయాడు. ఆయన కుడి చేతికి వేళ్ళు సరిగా లేవు. మొదటి దెబ్బ గట్టిగా పడేది... రెండోది జారేది.

టక్... టక్.

గట్టిగా ఒకటి. జారుతూ ఒకటి. ఇంకా దగ్గరగా...

కప్పలు ఆగిపోయాయి. నీళ్ళు కదల్లేదు. మా ఆయన ఎత్తిన గెడ ఎత్తినట్టే ఉంది. అప్పుడు... అత్త లేవబోయింది. మోచేతుల మీద లేచి, ఆ కాలే పడవ అడుక్కి ఆనించబోయింది.

మీద పడి పట్టుకున్నాను. "వద్దత్తా! మేకు జారిపోద్ది!"

టక్...

రెండో దెబ్బ మా పడవ అంచు మీదే పడింది. చెక్క అదిరింది. ఆనుకున్న నా రెండో చెయ్యి అక్కడే ఉంది.

అత్త చీకట్లోకి చూసి, పక్కింటాయనతో మాట్లాడినట్టు అంది. "ఏవయ్యా, నన్ను లేవొద్దన్నారు డాక్టరు గారు. కాలు మోపితే నీ కొడుకు కష్టమంతా నీళ్ళపాలు. నడక రానీ. నేనే రేవుకొచ్చి దెబ్బ కొట్టి చెప్తాను."

ఎక్కడో ఒక కప్ప అరిచింది. మా ఆయన గెడ దించి తోశాడు. దారి ఖాళీ. పడవ లేదు, మనిషి లేడు.

డాక్టరు గారు సరే అన్నాక అత్త కాలు మోపింది. కర్ర పట్టుకుని వాకిలి దాటింది. లంకంతా వచ్చి చూసింది. మర్నాడు పట్టపగలే నన్ను తోడు తీసుకుని రేవుకి వెళ్ళింది. కట్టేసిన పడవ అంచు మీద కర్రతో రెండు దెబ్బలు కొట్టింది.

కిక్కిస కదల్లేదు. కొంగ కూడా లేదు.

టక్.

ఒక్కటే.

"విన్నావా? ఆగాడు," అంది నవ్వుతూ. వెనక్కి తిరిగి, నా చెయ్యి పట్టుకోకుండా ఇంటికి నడిచింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది.

దారి ఇచ్చాడని ఆవిడ ధీమా. నాకు మాత్రం... ఆగినవాడు ఇంకా అక్కడే ఉన్నట్టుంటుంది.