కట్టకు ఎన్ని?

సారపాక నుంచి రోజూ స్కూటీ మీద అడవి అంచు బడికి వచ్చే మహిమ టీచర్, ట్యాబ్‌ను కొంగుతో తుడవనిదే పిల్లల చేతికివ్వదు. అందులోని లెక్కల కార్డులన్నీ ఆమె చేసినవే. ఒక కార్డు మీద పుల్లల కట్టలు మూడు, మొత్తం ఎన్నని ప్రశ్న. కట్టకు పదని టీచర్ లెక్క, కార్డు మీద అది రాసి లేదు. మూడో తరగతి శారద మాత్రం వారం నుంచీ నూటయాభై అనే నొక్కుతోంది, ఎర్ర గుర్తు పడుతూనే ఉంది.

వెనకబడినవాళ్ల జాబితాలో ఆ పిల్ల పేరు రాయబోయి, చెయ్యి రాక, టీచర్ వెళ్లి పక్కన కూర్చుంది. “గిట్లెందుకు నొక్కుతున్నవ్ బిడ్డా?” “కట్టంటే యాభై గద టీచర్! ఒక్క తునికాకు తగ్గినా ఆకు కొనే కల్లంల తీసుకోరు.” మహిమ గుండెల మీది బరువు దిగిపోయింది. నవ్వుకుంటూ పుల్లలు తీసేసి, కార్డు మీద బీడీలు చుట్టే తునికాకు కట్టలు పెట్టి, జవాబూ మార్చింది. ఈసారి నూటయాభైకి పచ్చ గుర్తు పడింది. శారద దాని వంక చూడనైనా లేదు, అప్పటికే తర్వాతి కార్డు తెరిచింది.