సొక్కమని చెప్పిన పుస్తెలు

కిందటేడు ఎండలు ముదురుతున్న రోజులు. మెట్‌పల్లి మార్కెట్ల పసుపు కుప్పలు పోసి ఉన్నయి, రోడ్డంత పసుపు దుమ్ము. ఆ రోడ్డు మీదనే నా అవుసుల దుకాణం. ముప్పై ఏండ్లసంది కుంపటి ముందల కూసుంటున్న. నగల పని ఎట్లుంటదని అడిగేటోళ్లకు చెప్పెటందుకు శాన సంగతులున్నయి గని, నన్ను ఇడువకుండ పట్టుకున్నది ఇదొక్కటే. చెప్పుకుంటె ఇజ్జత్ పోయేదే. అయినా చెప్త.

అప్పుడు గల్ఫ్ దిక్కు యుద్ధం నడుస్తున్నది. యుద్ధమొస్తె జనానికి నోట్ల మీద నమ్మకం పోతది, బంగారం వెండి పట్టుకొని దేశం దాటుతరు. అందుకే సర్కార్లు ముందుగాల వాటికి తాళమేస్తయి. చైనా యుద్ధమైనంక మన సర్కారు గూడ పద్నాలుగు క్యారెట్లకు మించి నగ చెయ్యద్దన్నదట. క్యారెట్ అంటె నగల మేలిమి ఎంత, కలిపింది ఎంత అని చెప్పే లెక్క, ఇరవై నాలుగైతె సొక్కం. మస్తు మంది అవుసులోళ్ల కుంపట్లు అప్పుడే సల్లారినయని మా నాయిన చెప్తుండె.

మనోళ్లు పనికి పోయిన ఒక గల్ఫ్ దేశంల గూడ గసొంటి హుకుమే వచ్చింది. ఇంటికి పోయెటోళ్లు మెడల ఉన్నా, కాళ్లకున్నా, బిల్లున్నా సరే, బంగారం వెండి ఎయిర్‌పోర్టుల అప్పజెప్పి రసీదు తీసుకోవాలె. యుద్ధం ఒడిసినంక ఇస్తరట. గిల్టు నగకు మాత్రం అడ్డు లేదు.

మేడిపల్లి లత గా ఎయిర్‌పోర్టుల చిక్కుకున్నది. ఆమె పెనిమిటి రమేశ్ తాటిచెట్టు మీదికెల్లి పడి నడుమిరిగి మంచాన పడ్డంక, అక్కడొక ఇంట్ల వంటపనికి పోయింది. కాలి మెట్టెలు, పట్టీలు తీసిచ్చిందట. అవి వెండియి. పుస్తెలు మాత్రం తియ్య అని కూసున్నది. ఆయన మంచంల ఉండంగ పుస్తెలు తీస్తె ఆయనకు ఏమన్న అయితదని ఆమె భయం. గట్ల ఒక విమానం పోయింది, రెండోది పోయింది. మర్నాటి మూడోదాని తర్వాత మల్ల ఎప్పుడో ఎవలకు తెల్వదు. ఎయిర్‌పోర్టుకు దగ్గర్లనే ఏదో వచ్చి పడ్డదని, అద్దాలు రాలినయని గూడ చెప్పిన్రు.

లత అత్త రాజవ్వ బీడీలు చేసి బతికే మనిషి. పొద్దుగాల దుకాణం తెరవంగనే వచ్చింది. ఆ పుస్తెలు చేసింది నేనే.

"చారి తమ్మీ, నువ్వన్న చెప్పు. నా మాట ఇంటలేదు" అని ఫోన్ కలిపిచ్చింది.

నాకు తోచింది చెప్పిన. "బిడ్డా, పుస్తెలు బాగుకిచ్చినప్పుడు పసుపుకొమ్ము కట్టుకోరా? గిప్పుడు గట్లనే కట్టుకో. దోషం లేదు."

"గీడ పసుపుకొమ్ము యాడిది మామా?" అన్నది లత. "బోసి మెడతోని ఆయన ముందలికి ఎట్ల పోవాలె? సొక్కం పుస్తెలు అని నువ్వు నలుగురిల చెప్పినవు. గసొంటియి ఈళ్ల చేతుల పెట్టి ఒట్టి కాయితం పట్టుకొస్తనా?"

ఫోన్ పెట్టినంక నేను, రాజవ్వ ఒకల మొకం ఒకలం చూసుకోలె.

ఎందుకంటె గవి సొక్కం కాదు. లోపల రాగి, మీద పలుచగ బంగారు రేకు. పద్నాలుగేండ్ల కింద రమేశ్ లగ్గమప్పుడు రాజవ్వ తన మెడల నాలుగు బంగారు గుండ్లు తెంపి తెచ్చింది. ఆమె మొగడు పోయిన ఏడు అది. గుండ్లు కరిగిస్తె రేకుకే సరిపోయింది. "జర కాలం కలిసొస్తె మంచియి చేయిస్త, అందాక నోరిప్పకు తమ్మీ" అన్నది. సరే అన్న. మా దిక్కు లగ్గంల పుస్తెలు తాంబాలంల పెట్టి అందరి చేతులు తాకిస్తరు. పిల్ల తరపు పెద్దమనిషి బంతిల తింటున్న నన్ను చూసి "చారీ, సొక్కమేనా?" అని అడిగిండు. "సొక్కమే" అన్న. తినుకుంట ఉన్న చెయ్యి గూడ ఆపలె. ఆ కాలం మల్ల కలిసి రానే లేదు.

"సొక్కం కాదని రాసియ్యి తమ్మీ" అన్నది రాజవ్వ. ఎయిర్‌పోర్టుల మనోళ్లకు సాయం చేస్తున్న కోనరావుపేటాయన ఆమెకు అన్నీ చెప్పిండు. చేసినోడు రాసిస్తెనే ఆఫీసర్లు గీకి చూస్తరట, రాగి అయితె ఇడిసిపెడ్తరట.

"రాజక్కా, ఊరంత తెలుస్తది. నా దుకాణం ఏం కావాలె?"

"నాకు మాత్రం ఇజ్జత్ లేదా? నేను గా ఇంట్లనే ఉండాలె. దాని మొకం, నా కొడుకు మొకం రోజు చూడాలె. అయినా పిల్లకే ఏమన్న అయితె, నీ పుస్తెలు ఎవల మెడల ఉంటయి?"

సాయంత్రం దాక ఆలోచిస్త అన్న. గా మాటకు ఇప్పటికీ సిగ్గుపడ్త. ఆమె కొట్లాడలె, పోలె. దుకాణం మెట్టు మీద కూసొని, చాట ముందలేసుకొని బీడీలు చుట్టుడు మొదలువెట్టింది. ఆకు కత్తిరిచ్చుడు, తంబాకు పోసుడు, దారం కట్టుడు. ఒక కట్ట అయిపోయింది. రెండో కట్టకు ఆకు తీసింది. నేను బిల్లుబుక్కు గుంజుకున్న.

"ఈ పుస్తెలు నేను చేసిన. లోపల రాగి ఉన్నది, మీద బంగారు రేకు. వెనుక కొక్కెం కింద గీకితె తెలుస్తది." సంతకం చేసి దుకాణం ముద్ర కొట్టిన. ఫోటో తీసి పంపినం.

తర్వాత సంగతి కోనరావుపేటాయన చెప్పిండు. ఆఫీసర్ కొక్కెం కింద గీకిండు. ఎర్రగ రాగి తేలింది. లత కండ్లార్పకుండ చూసిందట. పుస్తెలు జాకెట్ల ఏసుకొని మూడో విమానమెక్కింది.

నా చీటి ఫోన్లపొంటి కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దాక పోయింది. రమేశ్ తల్లితోని ఒక పూట మాట్లాడలేదట. నా గిరాకీలు నేను చేసిన నగలన్నీ మూటకట్టుకొని వచ్చిన్రు. ఒక్కొక్కటి వాళ్ల ముందలనే గీటురాయి మీద గీకి చూపెట్టిన. అన్నీ సరిగ్గనే తేలినయి. అయినా సగం మంది జగిత్యాల షోరూంలకు పోయిన్రు. ఆడ హాల్‌మార్క్ ఉంటది, అంటె ల్యాబుల పరీక్ష చేసి కొట్టిన ముద్ర. వాళ్లను తప్పువట్టను.

వారం దినాలకు లత వచ్చింది, ఎనుక రాజవ్వ. లత మెడల పసుపుకొమ్ము, చేతుల పుస్తెలు. పుస్తెలు నా ముందలేసింది.

"అత్తమ్మకు లేకుండె, అబద్ధమాడింది. ఆమె నా ముందల ఏడ్సింది, అది మా ఇంటి ముచ్చట" అన్నది. "నీకేం తక్కువైంది మామా? సొక్కం అన్నది నువ్వు. నీ మాట పట్టుకొని రెండు విమానాలు పోగొట్టుకున్న. పైన ఏం పడ్తదో అని చూసుకుంట కూసున్న."

బంగారం నాది, పని నాది, కొత్తయి చేసిస్త అన్న. ఆమె వద్దనలె. వద్దంటె నేను బతకకపోదును. ఎయిర్‌పోర్టుల ఇచ్చిన మెట్టెలు, పట్టీలు మాత్రం ఇంకా రాలె, రసీదు కొంగున కట్టుకొని ఉన్నది.

"నా ముందల చెయ్" అని దినమంత కుంపటి పక్కన కూసున్నది. మూసల కరిగిచ్చింది చూసింది, రేకు కొట్టింది చూసింది. ఎన్ని నగలు చేసిన్నో గని, గంత భయపడుకుంట ఎన్నడు చెయ్యలె. ఒడిసినంక పుస్తెలు అరచేతుల పెట్టుకొని అడిగింది, "ఇప్పుడు చెప్పు మామా, సొక్కమేనా?"

గీటురాయి ఆమె దిక్కు జరిపిన. గప్పటిసంది నా నోటితోని ఎవలకూ సొక్కం అని చెప్పను, రాయి చేతికిస్త.

లత గీకి చూసుకున్నది. రాజవ్వను పిలిచి ఆమెకూ చూపెట్టింది. నా దిక్కు మాత్రం చూడలె.