వాకిట్లో చంద్రుడి రాయి

పొద్దున్నే వాకిట్లో ముగ్గు మరీ తెల్లగా కనబడగానే లోపలికి పరుగెత్తి నా రాతిపొడి డబ్బా తెరిచాను. ఖాళీ.

"ముగ్గుపిండి యాడ కొన్నావమ్మా? పువ్వు మాదిరి ఉండాది!" అంది అత్తమ్మ.

మన దేశం చంద్రుడి మీదికి నౌక పంపబోతోందని పేపర్లలో వస్తున్న రోజులవి. ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ, ధర్మవరం నుంచి రోజూ అనంతపురం వెళ్లొస్తూ ఎం.ఫిల్. చేస్తున్నాను. చంద్రుడి మీద ఉండే రకం తెల్లరాయిని ఇంట్లో పదిరోజులు కల్వంలో నూరి ఆ డబ్బాలో పోశాను. దాని మీద కాంతి వేసి, తిరిగొచ్చే వెలుగును బట్టి ఖనిజాలను గుర్తించాలి. ఆ పరీక్ష ఆరోజే. అది తప్పితే నా చదువు ఆగిపోయినట్టే అనుకున్నాను.

ట్యాంకర్ రాక వాకిట్లో నీళ్లు చల్లలేదు. పొడిపొడిగా ఉన్న ముగ్గును ఊడ్చి, జల్లించి, ఏమీ ఎరగనట్టు తీసుకెళ్లాను.

యూనివర్సిటీలో యంత్రం గీసిన గీతను మా గైడ్ సార్ చాలాసేపు చూశారు.

"ఏమమ్మా, చంద్రుడి రాతికి తుప్పు యాడ పట్టింది?"

ల్యాబ్‌లో అందరూ నావైపు తిరిగారు.

"అది మా వాకిలి ఎర్రమన్ను సార్," అన్నాను తలవంచుకుని.

సార్ బీరువాలోంచి ఇంకో రాయి తీశారు. "ముందే చెప్పింటే పొద్దున్నే ఇచ్చేవాణ్ణి కదమ్మా. మళ్లా నూరుకోపో, పరీక్ష పదిరోజులకు పెడతా."

మర్నాడు పొద్దున, నొప్పి తగ్గని చేతులతో కల్వం ముందేసుకుని పిల్లలతో అన్నాను: "ఏదైనా పాడైతే వచ్చి చెప్పండి. ఊడ్చి డబ్బాలో పెట్టొద్దు."